ఎడమచేతికి తెలియకూడదు సరే, పిల్లలకో?

మా గుంటూరు వైపు లూథరన్ క్రైస్తవుల ఇళ్లలో పిడికెడు బియ్యం గురించి ఒకరికి చెప్పక్కర్లేదు. ఎసట్లో పోసేముందు అమ్మ కొలిచిన బియ్యంలోంచే ఒక పిడికెడు తీసి పక్క డబ్బాలో వేసేది. ఆదివారం ఆ డబ్బా గుడికి వెళ్లేది. నెలాఖర్లో బియ్యం చాలీచాలకున్నా ఆ పిడికెడు మాత్రం ఆగేది కాదు, మాకే రెండో వాయి అన్నం తగ్గేది. కానుక ఇవ్వడమంటే ఏమిటో మాకెవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. కంచంలోనే తెలిసిపోయేది.

ఇక్కడ పెన్సిల్వేనియాలో మా దశమభాగం, అంటే రాబడిలో పదోవంతు కానుక, ఒకటో తారీఖున బ్యాంకు ఖాతాలోంచి దానంతటదే పోతుంది. జనవరిలో చర్చి నుంచి రసీదు వస్తుంది, పన్నుల ఫైల్లో చేరుతుంది. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న మత్తయి సువార్త మాటని మేం తుచ తప్పకుండా పాటిస్తున్నట్టే ఉంటుంది చూసేవాళ్లకి. కానీ అది భక్తి కాదు, ఆటోపే. పిల్లలకి అందులో ఏదీ కనపడదు.

ఆ మాట వీధుల్లో బూర ఊదించుకుని ధర్మం చేసేవాళ్ల గురించి అన్నది. కన్నపిల్లల దగ్గర దాచమని కాదని నా ఉద్దేశం. అదే యేసు కానుకపెట్టె ఎదురుగా కూర్చుని ఎవరెలా వేస్తున్నారో చూశాడు. రెండు కాసులు వేసిన బీద విధవరాలిని శిష్యుల్ని పిలిచి మరీ చూపించాడు. ఆవిడ వేసింది మిగిలినది కాదు, బతుకుతెరువు.

అందుకని మా ఇంట్లో ఎంత ఇస్తున్నామో చెప్పం, ఏం మానుకుంటున్నామో మాత్రం తెలియనిస్తాం. నెలకో శనివారం బయట తిండి బంద్. పప్పుచారు, ఆమ్లెట్. ఆ డబ్బు నోట్లుగానే తీసి కవర్లో పెట్టి, పేరు రాయకుండా మా ఊళ్లో ఆహారం పంచే కేంద్రంలో ఇచ్చేస్తాం. ఆ రాత్రి మావాడు మొహం ముటముటలాడిస్తాడు. ఆడించనీ, ఆ ఒక్క పూట లోటు తెలియడమే నాకు కావాల్సింది.

నాకు అంతకన్నా పెద్ద బెంగ వేరే ఉంది. ఇచ్చేది ఎప్పుడూ అమెరికా, పుచ్చుకునేది ఎప్పుడూ అమ్మమ్మ ఊరు అన్న లెక్క పిల్లల బుర్రలో పడిపోయింది. నేను పుట్టింది గుంటూరు కుగ్లర్ ఆసుపత్రిలో. దాన్ని నిలబెట్టిన డాక్టర్ అన్నా కుగ్లర్ మేం ఫిలడెల్ఫియా వెళ్లే రైలు దారిలోని ఆర్డ్‌మోర్ ఆవిడ. 1883లో గుంటూరు వచ్చింది, 1898లో ఆసుపత్రి తెరిచింది. వెనక దన్ను ఇక్కడి లూథరన్ స్త్రీల సంఘాలు పోగుచేసిన కానుకలు. రైలు ఆర్డ్‌మోర్‌లో ఆగినప్పుడు ఇదంతా చెబితే మా అమ్మాయి, "ఆ డబ్బులిచ్చిన ఆంటీల పేర్లేంటమ్మా?" అంది. తెలియదన్నాను. "మరి నువ్వు థాంక్యూ ఎవరికి చెప్తావ్?" అని మళ్లీ అడిగింది. స్టేషన్ దాటిపోయింది కానీ నా దగ్గర జవాబు లేదు.

ఊరి గుడికి నేరుగా పంపుదామంటే ఇప్పుడు వీలు కాదు. మా పౌరసత్వం మారింది కాబట్టి మేం పంపేది విదేశీ విరాళం కిందికి వస్తుంది. ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ లేని గుడి అది తీసుకోకూడదు. కోతపండగకి గుడికొచ్చిన కానుకల వేలంపాట మాత్రం తమ్ముడు వీడియో కాల్‌లో చూపిస్తాడు. పోయినసారి గుమ్మడికాయ పాట మూడొందల దగ్గర ఆగితే మావాడు ఫోన్ లాక్కుని, "మామయ్యా, ఐదొందలు!" అని అరిచాడు.

"నీవి ఫారిన్ డబ్బులురా అల్లుడూ, ఇక్కడ చెల్లవు," అని వాళ్ల మామయ్య తనే ఐదొందలకి పాడాడు. కాయ మళ్లీ గుడికే ఇచ్చేశాడట, ఇంకోసారి పాట పెట్టమని.