చాంబర్ లోపల డ్యూటీ

అమెరికాలో హైపర్‌బేరిక్ యూనిట్‌లో, అంటే మూసిన చాంబర్‌లో ఒత్తిడి పెంచి పేషెంట్లకు ఆక్సిజన్ ఇచ్చే విభాగంలో, చేరబోయే మన నర్సులు ముందు తెలుసుకోవాల్సింది, చాంబర్ ఆపరేషన్‌కు బదులు కాదని. ఉదాహరణకు నెక్రోటైజింగ్ ఫాషియైటిస్, కణజాలాన్ని చంపేసే ఇన్ఫెక్షన్, చర్మం కింది పొరల వెంట గంటల్లో పాకిపోతుంది. పైకి కనిపించేది కాస్త ఎరుపు, వాపు. నొప్పి మాత్రం దానికి పొంతన లేనంత. చచ్చిన కణజాలాన్ని సర్జన్ కోసి తీసెయ్యాలి, యాంటీబయాటిక్స్ పడాలి. ఆక్సిజన్ వాటికి తోడు, అంతే. ఆపరేషన్ థియేటర్‌కు వెళ్లాల్సిన పేషెంట్‌ను చాంబర్ కోసం ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. వైద్య పరిశోధనలను కలిపి తూచే కోక్రేన్ సంస్థ 2015 సమీక్షకు ఈ జబ్బులో పనికొచ్చే ర్యాండమైజ్డ్ ట్రయల్ (పేషెంట్లను లాటరీ పద్ధతిలో విడదీసి పోల్చే పరీక్ష) ఒక్కటీ దొరకలేదు. అందుకే ఒక సర్జన్ ఫోన్ చేసి మరీ పంపిస్తాడు, ఇంకొకరు ఆ ఊసే ఎత్తరు.

చాంబర్ చికిత్స మామూలుగా 2 నుంచి 2.5 అట్మాస్ఫియర్ల దగ్గర (అంటే బయటి గాలి ఒత్తిడికి అన్ని రెట్లు) 90 నిమిషాలు, మొదట్లో రోజుకు రెండుసార్లు. క్లాస్ట్రిడియం అనే బ్యాక్టీరియా వల్ల వచ్చిన గ్యాస్ గ్యాంగ్రీన్ అయితే 3 అట్మాస్ఫియర్లు, తొలి 24 గంటల్లో మూడుసార్లు. అంత ఒత్తిడిలో ప్లాస్మాలో కరిగే ఆక్సిజన్ డెసిలీటరుకు 0.3 నుంచి సుమారు 6 మిల్లీలీటర్లకు పెరుగుతుంది. మెదడు మీద దాని విషప్రభావం పడి ఫిట్స్ రాకుండా ప్రతి 20–30 నిమిషాలకు 5 నిమిషాలు మామూలు గాలి ఇస్తారు.

అసలు పని ఐసీయూ పేషెంట్‌ను తయారుచేయడంలో ఉంది. గాలి ఉన్న ప్రతిచోటా వెతకాలి. యూనిట్ భాషలో ఒత్తిడి పెంచడం దిగడం, నిండు ఒత్తిడి అడుగు, తగ్గించడం పైకి రావడం. 2.5 అట్మాస్ఫియర్ల దగ్గర గాలి అయిదింట రెండు వంతులకు కుంచించుకుపోతుంది. ట్యూబ్ కఫ్‌లో (శ్వాస గొట్టం చుట్టూ ఉండే బుడగలో) గాలి ఉంటే అది కుంచించుకుపోయి పక్కనుంచి లీకవుతుంది. అడుగున మళ్లీ నింపితే పైకి వచ్చేటప్పుడు ఉబ్బి శ్వాసనాళాన్ని నొక్కుతుంది. కాబట్టి దిగకముందే గాలి తీసి సెలైన్ నింపాలి. డ్రిప్ చాంబర్‌లో మట్టం పెరిగి చుక్కలు కనబడవు. సెలైన్ సంచిని నొక్కే ప్రెషర్ బ్యాగ్ అడుగున మెత్తబడుతుంది, పైకి వస్తుంటే బిగుస్తుంది, రెండుసార్లూ చూసుకోవాలి. వాయువు చిక్కబడితే చాలా వెంటిలేటర్లు సెట్ చేసినంత ఇవ్వవు, బయటికొచ్చే టైడల్ వాల్యూమ్ (ఒక్కో ఊపిరిలోని గాలి) కొలిచి సరిచేయాలి. మత్తులో ఉన్న మనిషి చెవుల్లో ఒత్తిడి సరిచేసుకోలేడు, కర్ణభేరికి చిన్న గాటు పెట్టించాలి. కొత్తగా సెంట్రల్ లైన్ (మెడ దగ్గరో ఛాతీ దగ్గరో పెద్ద సిరలోకి వేసే గొట్టం) వేసి ఉంటే ఎక్స్‌రే చూడకుండా తలుపు వేయొద్దు. పట్టించుకోని న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ చేరిన గాలి) పైకి వచ్చేటప్పుడు చంపుతుంది. డయాబెటిస్ ఉన్నవాళ్లకు లోపల షుగర్ పడిపోవచ్చు, ముందే చూడాలి.

తర్వాతి భయం మంట. 1997లో మిలాన్‌లోని ఒక ఆసుపత్రి చాంబర్‌లో మంటలు రేగి 11 మంది చనిపోయారు. మంట భయంతోనే గాలితో నింపే పెద్ద చాంబర్‌లో ఆక్సిజన్ 23.5 శాతం దాటనివ్వరు. మన దగ్గర్నుంచి పిల్లల్ని చూడ్డానికి వచ్చిన అమ్మానాన్నలు పేషెంట్లయితే తలకు కొబ్బరినూనె, నుదుటికి అమృతాంజన్, ఒంటిమీద పాలియెస్టర్ ఉంటాయి. అన్నీ తీసేసి నూలు బట్టలే వేయాలి. పుస్తెలు తీయమంటే చాలామంది ఒప్పుకోరు. మీరే సరేనని లోపలికి పంపకండి. సేఫ్టీ డైరెక్టర్‌ను అడగండి. మెలకువగా ఉన్నవాళ్లకు చెవుల సంగతి తెలుగులో చెప్పడం మీ వంతే అవుతుంది. “అమ్మా, ముక్కు, నోరు మూసుకుని మెల్లగా చీదినట్టు చెయ్యండి. నొప్పి పుట్టేదాకా ఆగొద్దు.” మనవాళ్లు ఓర్చుకుంటారు, అక్కడే కర్ణభేరి దెబ్బతింటుంది. పైకి వచ్చేటప్పుడు అలా చేయొద్దనీ, ఊపిరి బిగబట్టొద్దనీ చెప్పాలి.

పేషెంట్ హుడ్‌లోంచి (తలకు తొడిగే పారదర్శక తొడుగులోంచి) ఆక్సిజన్ పీలుస్తుంటే పక్కన కూర్చున్న నర్సు పీల్చేది ఒత్తిడి గాలి. నైట్రోజన్ చేరేది నర్సు ఒంట్లోనే. అందుకని చివరి భాగంలో నర్సుకూ ఆక్సిజన్ మాస్క్ పెడతారు. సిబ్బంది తక్కువని దాన్ని కుదించమంటే ఒప్పుకోకండి. గర్భిణులు లోపలి డ్యూటీ చేయరాదు. అనుమానమున్నా ముందే చెప్పండి. డైవ్ (చాంబర్ లోపలి విడత) తర్వాత 24 గంటలు విమానం ఎక్కొద్దనడం వాడుకలో ఉన్న నియమం, కాబట్టి హైదరాబాద్ టికెట్ ముందురోజు లోపలి డ్యూటీ పెట్టించుకోకండి, చాంబర్‌ను నడిపే ప్యానెల్ దగ్గర బయటి డ్యూటీ అడగండి. ఇంటికెళ్లాక భుజమో మోకాలో లోతుగా నొప్పి పెడితే మాత్ర వేసుకుని పడుకోవద్దు, అది ఒంట్లో చేరిన నైట్రోజన్ బుడగల వల్ల కావచ్చు. వెంటనే యూనిట్ డాక్టర్‌కు ఫోన్ చెయ్యండి.