ఒక పెన్‌డ్రైవ్, మూడు గంటలు

ఇంట్లో అందరూ పడుకుని గంట దాటింది. ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునేది నేనే. ఈ రోజు వచ్చిన వైరస్ సంగతి సాయంత్రానికే తేలిపోయింది గాని, అకౌంట్స్ మేడమ్ గారు అన్న మాట మాత్రం ఇంకా చెవిలోనే ఉంది. "మీకు చెబితే అందరి ముందూ అంటారేమోనని భయమేసిందండీ" అన్నారావిడ. అప్పుడు నేనేమీ బదులు చెప్పలేదు. ఇంటికి వచ్చేదాకా దారి పొడుగునా ఆవిడ చేసిన తప్పులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకుంటూనే వచ్చాను. ఆ చిట్టా ఇక్కడ రాసేస్తే నిద్ర పడుతుందనిపించింది.

పదకొండున్నరకు, అన్ని కంప్యూటర్ల స్థితినీ ఒకేచోట చూపించే యాంటీవైరస్ కన్సోల్‌లో రిసెప్షన్ కంప్యూటర్ పేరు ఎర్రగా కనబడింది. పది నిమిషాలు తిరక్కుండానే స్టోర్స్ కంప్యూటర్ పేరు దాని కింద చేరింది. రెండు చోట్లా పట్టుబడిన ఫైలు ఒకటే, అది వచ్చిన పెన్‌డ్రైవ్‌లు మాత్రం వేరు. రెండు కంప్యూటర్లకూ నెట్‌వర్క్ కేబుల్ తీసేసి సీటు సీటుకూ వెళ్లి అడిగాను. రిసెప్షన్ అమ్మాయి తల వంచుకుంది. స్టోర్స్ ఆయన తన పెన్‌డ్రైవ్‌లో పొద్దున బిల్లుల జాబితా తెచ్చుకున్నానని చెప్పారు. ఎక్కడి నుంచి అని అడిగితే అకౌంట్స్ నుంచి అన్నారు. నేను మేడమ్ గారి సీటు దగ్గరికి చేరేసరికి పన్నెండుంబావు. ఆవిడ తమ కూతురి స్కూలు ప్రాజెక్టు ఉన్న పెన్‌డ్రైవ్‌ను తొమ్మిదింబావుకే కంప్యూటర్‌కు పెట్టారు. ఫోల్డరు మీద క్లిక్ చేయగానే నల్లటి కిటికీ ఒకటి మెరిసి మాయమైందట. ఏదో తేడాగా ఉందని ఆ క్షణంలోనే అనిపించిందట. అయినా అదే పెన్‌డ్రైవ్‌ను, రంగుల ప్రింటు కోసం, రిసెప్షన్‌కు తీసుకువెళ్లారు.

ఈ రకం పురుగు, అంటే తన నకళ్లు తానే చేసుకుంటూ పాకే వైరస్, పనితీరును దగ్గరగా చూసినవాళ్లకు దాని మీద కోపం కంటే ముందు ఆశ్చర్యం కలుగుతుంది. అది పెన్‌డ్రైవ్‌లోని అసలు ఫోల్డర్లకు దాపరికపు గుర్తు తగిలించి కనబడకుండా చేస్తుంది. వాటి స్థానంలో అవే పేర్లతో, అవే పసుపు రంగు బొమ్మలతో షార్ట్‌కట్‌లు పెడుతుంది. తేడా అల్లా బొమ్మ మూలన చిన్న వంకర బాణం, ఒకటి రెండు కిలోబైట్లకు మించని సైజు. దాని మీద క్లిక్ చేస్తే ముందు తన స్క్రిప్టును, అంటే ఆదేశాల ఫైలును, నడిపించుకుని, వెంటనే అసలు ఫోల్డరును తెరిచి చూపిస్తుంది. కావలసిన ఫైలు కళ్ల ముందు ఉంటుంది కనుక ఎవరికీ అనుమానం రాదు. ఆ తరువాత ఆ కంప్యూటర్‌కు తగిలించిన ప్రతి పెన్‌డ్రైవ్‌కూ అదే గతి. స్టోర్స్ ఆయనకు అంటింది అలాగే.

రిసెప్షన్‌లో యాంటీవైరస్ ఆ షార్ట్‌కట్‌లను తీసేసింది. దాచిన ఫోల్డర్లను మాత్రం అది బయటపెట్టలేదు. అందుకని మేడమ్ గారికి పెన్‌డ్రైవ్ ఖాళీగా కనబడింది, పిల్ల మూడు వారాల కష్టం పోయిందనుకున్నారు. నేను దాన్ని నా దగ్గరున్న లినక్స్ కంప్యూటర్‌కు పెట్టి చూపించాను. అందులో విండోస్ దాపరికాలు చెల్లవు, ఫోల్డర్లన్నీ ఉన్నవి ఉన్నట్టే కనబడ్డాయి. ఆవిడ రెండు చేతులతో మొహం కప్పుకుని కుర్చీలో కూలబడ్డారు. ఈ రోజులో మంచి క్షణం అదొక్కటే. నేను దాన్ని కూడా సరిగా అనుభవించలేదు, ఎందుకంటే అప్పటికి నా కళ్లు ఆవిడ కంప్యూటర్ తెర మీద కుడి మూలన ఉన్నాయి. యాంటీవైరస్ గుర్తు ఉండవలసిన చోట ఏమీ లేదు.

వారం కిందట ఆవిడే ఆపేశారట, సాఫ్ట్‌వేర్ నెమ్మదిగా నడుస్తోందని. ఇక్కడే నా ఓర్పు తెగింది. ఎన్నిసార్లు చెప్పాను! అప్‌డేట్ కోసం రీస్టార్ట్ అడిగితే ప్రతిసారీ "తరువాత" నొక్కుతారు. హెచ్చరిక వస్తే అందులో ఏముందో ఒక్క వాక్యమైనా చదవకుండా మూలనున్న గుర్తు కోసం వెతుకుతారు. రిసెప్షన్ అమ్మాయి కూడా ఈ రోజు అదే చేసింది, ప్రింటు బటన్‌కు అడ్డు వస్తోందని ముప్పు పట్టుకున్నామన్న కిటికీని మూసేసింది. పాస్‌వర్డ్ రాసిన చీటీ కీబోర్డు కింద దొరికిన సీట్లు మా ఆఫీసులో నాలుగున్నాయి. పేరు చివర పీడీఎఫ్ అని, దాని వెనకాల ప్రోగ్రామును సూచించే ఈఎక్స్ఈ అని ఉన్న అటాచ్‌మెంట్‌ను తెరవబోయి, తెరుచుకోవడం లేదని నాకే ఫార్వర్డ్ చేసినవారు ఉన్నారు. విండోస్ తనకు తెలిసిన ఎక్స్‌టెన్షన్లను, అంటే ఫైలు రకం చెప్పే చివరి అక్షరాలను, మామూలుగా దాచిపెడుతుంది కనుక వాళ్లకు చివరి ముక్క కనబడదు. 2000 మేలో ప్రేమలేఖ పేరుతో ప్రపంచమంతా తిరిగిన ఐలవ్‌యూ వైరస్ కూడా అలాగే టెక్స్ట్ ఫైలు వేషంలో వచ్చింది, అయినా ఆ అమరికను మార్చుకునేవారు లేరు.

వీటన్నింటి కంటే నన్ను కాల్చినది ఆ మూడు గంటలు. ఈ పురుగు ఫోల్డర్లను దాచి ఊరుకునే రకం కాబట్టి సరిపోయింది. అదే ఫైళ్లను బందీ చేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ అయి ఉంటే ఆవిడ లాగిన్‌తో తెరుచుకునే షేర్డ్ డ్రైవ్ మొత్తానికి తాళం వేసి ఉండేది. ఆవిడకు ఏ ఫైలు మీద రాసే హక్కు ఉందో దానికీ అదే హక్కు ఉంటుంది. సర్వర్‌కు ఎప్పుడూ తగిలించే ఉంచిన బ్యాకప్ డిస్కు కూడా పోయేదేమో. తొమ్మిదింబావుకు ఒక్క ఫోన్ చేసి ఉంటే కేబుల్ పీకడానికి అర నిమిషం పట్టేది.

ఇంతవరకు రాసి మంచినీళ్లు తాగి వచ్చాను. ఇప్పుడు ఆ వెనకటి ఆఫీసు గుర్తుకు వచ్చింది, నిజానికి ఆవిడ మాట విన్నప్పటి నుంచీ అది గుమ్మం దగ్గర నిలబడే ఉంది.

2017 మే 12, శుక్రవారం. వానాక్రై అనే రాన్సమ్‌వేర్ పురుగు విడుదలైన రోజు. అప్పుడు మా దగ్గర ఎక్కువగా విండోస్ 7 కంప్యూటర్లే. సోమవారం పొద్దున నేను వెళ్లేసరికి కొత్తగా చేరిన కుర్రాడి కంప్యూటర్ మీద ఎర్రటి కిటికీ ఉంది. దాని ఎడమ పక్కన రెండు గడియారాలు వెనక్కి నడుస్తున్నాయి. 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్లు కట్టాలని, మూడు రోజులు దాటితే రెట్టింపని, ఏడు రోజులు దాటితే ఫైళ్ల మీద ఆశ వదులుకోవాలని అందులో రాసి ఉంది. వరండా చివర ఉన్న మరో రెండు కంప్యూటర్లలోనూ అదే. శుక్రవారం సాయంత్రమే కుర్రాడు దాన్ని చూశాడు. ఎవరికి చెప్పాలో తెలియక మానిటర్ ఆపి ఇంటికి వెళ్లిపోయాడు.

నేను హాలు మధ్యలో నిలబడి, పదిహేను మంది వింటుండగా, "ఏం నొక్కావు?" అని అడిగాను. "ఏమీ నొక్కలేదు సార్" అన్నాడు. మళ్లీ అడిగాను. నాలుగోసారికి అతని గొంతు పోయింది. అబద్ధం చెబుతున్నావని అన్నాను.

అతడు చెప్పింది నిజం. వానాక్రై వ్యాపించడానికి ఎవరూ ఏదీ నొక్కనవసరం లేదు. విండోస్ ఫైల్ షేరింగ్‌లోని లోపం ద్వారా, దానికి వాడే 445 పోర్టు అనే నెట్‌వర్క్ ద్వారం తెరిచి ఉంటే చాలు, అది తనంతట తానే లోపలికి వస్తుంది. అమెరికా జాతీయ భద్రతా సంస్థ ఆ లోపం మీద తయారు చేసుకున్న ఎటర్నల్‌బ్లూ అనే సాధనం ఏప్రిల్‌లో బయటికి పొక్కింది. మైక్రోసాఫ్ట్ మాత్రం అంతకు ముందే, మార్చి 14న, ఆ లోపాన్ని పూడ్చే ప్యాచ్ విడుదల చేసింది. దాన్ని దాదాపు రెండు నెలలు వాయిదా వేసినది నేను, పని మధ్యలో రీస్టార్ట్ అయితే అందరూ విసుక్కుంటున్నారని. వేరే శాఖ వాళ్లకు ఫైళ్లు అందడం కోసం రూటర్‌లో 445 తెరిచి, ఆ అవసరం తీరాక మూయనిది కూడా నేనే. ఆ శుక్రవారమే మార్కస్ హచిన్స్ అనే యువ పరిశోధకుడు ఆ పురుగు అడుగుతున్న డొమైన్ పేరును, అంటే బదులు వస్తే ఆగిపోయే వెబ్ చిరునామాను, నమోదు చేయడంతో, దాని వ్యాప్తికి అడ్డుకట్ట పడింది. మాకు అంతకు ముందే తగిలింది. ఈ సంగతులన్నీ అదే వారంలో చదివి తెలుసుకున్నాను. కుర్రాడికి మాత్రం చెప్పలేదు. ఆ తరువాత అతడు తన కంప్యూటర్ గురించి నన్ను ఏదీ అడగలేదు, ఏమైనా అయితే తానే కేబుల్ పీకేసుకునేవాడు. ఏడాది తిరగకుండా వేరే చోటికి వెళ్లిపోయాడు.

మేడమ్ గారు ఆ ఆఫీసులో లేరు, ఆ సోమవారం సంగతి ఆవిడకు తెలిసే వీలు లేదు. మరి "అందరి ముందూ అంటారేమో" అని ఎందుకు అనిపించింది? ఇక్కడ కూడా నా గొంతు అలాగే ఉందన్నమాట. పోయిన నెల మీటింగులో చీటీల సంగతి ఎత్తినప్పుడు నేను సీట్ల పేర్లు చదివాను. పైగా ఆవిడ యాంటీవైరస్‌ను ఆపగలిగింది అడ్మిన్ హక్కు, అంటే కంప్యూటర్ అమరికలన్నీ మార్చే అధికారం, ఉండబట్టే. రెండేళ్ల కిందట సాఫ్ట్‌వేర్ నడవడం లేదంటే, రెండు రోజుల కోసమని నేనే ఇచ్చాను. వారం రోజులుగా కన్సోల్‌లో ఆ కంప్యూటర్ బూడిద రంగులోనే ఉంది. నేను దాన్ని సెలవులో ఉన్నవాళ్ల లెక్కలో వేసి ముందుకు జరిగాను. నేను కూడా హెచ్చరికను చదవలేదు.

అలాగని రిసెప్షన్ కిటికీ విషయంలో నా కోపం పూర్తిగా తగ్గలేదు. చదవాల్సిందే. కాని చదివాక నాకు చెప్పడానికి జంకకూడదు కదా, ఆ రెండోదాన్ని నేను ఇన్నాళ్లూ వాళ్ల పనిగానే చూశాను.

పెన్‌డ్రైవ్ శుభ్రం చేసి, ఫోల్డర్ల దాపరికం తీసేసి, కవరులో పెట్టి నా సంచిలో ఉంచాను. దాని మీద పిల్ల చేతిరాతతో తరగతి, సెక్షన్ రాసిన చిన్న కాగితం అంటించి ఉంది. రేపు తొమ్మిదికి ముందే ఆవిడ సీటు దగ్గరికి వెళ్లి అది ఇచ్చి, అడ్మిన్ హక్కు తీసేసి, సాఫ్ట్‌వేర్ ఫోల్డరు మీద మాత్రమే రాసే హక్కు ఇచ్చి, నడుస్తుందో లేదో పక్కన కూర్చుని చూడాలి. ఆ కుర్రాడి నంబరు నా ఫోన్‌లో ఇంకా ఉంది. ఈ వేళప్పుడు నా పేరు చూస్తే కంగారుపడతాడు, పొద్దున చేస్తాను.