హిప్స్ షీట్ కోసం రాణిగంజ్ నుంచి షాపూర్‌నగర్ దాకా

హన్మకొండలో ఏ ఫ్లెక్స్ దుకాణానికి వెళ్లి "ప్లాస్టిక్ షీట్" అని అడిగినా సన్‌బోర్డు (బోర్డులకు వాడే నురుగు ప్లాస్టిక్) ముక్కే చేతిలో పెడతారు. సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనైనా తేడా తెలిసినవాళ్లు దొరుకుతారని బయల్దేరాను. తీరా వెళ్తే అక్కడా మొదట చేతికి వచ్చింది సన్‌బోర్డే. ఆ చిరాకే ఇది రాయిస్తోంది. స్కేల్ మోడల్ (అసలు వస్తువు కొలతలను ఒకే లెక్కన తగ్గించి చేసే నమూనా) కట్టేవాళ్లకు పనికొచ్చే షీట్ హైదరాబాద్‌లో లేక కాదు, అది అమ్మే చోటు వేరు.

కావలసింది పాలీస్టైరీన్. అందులో కాస్త రబ్బరు కలిపి పెళుసుదనం తగ్గించిన రకాన్ని బజారులో హిప్స్ అంటారు. మోడల్ కిట్లలో వచ్చే ప్లాస్టిక్ కూడా ఈ జాతిదే. అందుకే రెండూ ఒకే ద్రావకంతో కరిగి ఒకే ముక్కగా అతుక్కుంటాయి.

కాజీపేట నుంచి రైల్లో సీటు దొరకలేదు. జనగామ దాకా తలుపు దగ్గరే నిలబడ్డాను. అదీ మంచిదే అయింది, పక్క లైన్లో ఆగి ఉన్న బాక్స్‌ఎన్ వ్యాగన్లను దగ్గరగా చూశాను. రామగుండం వైపు బొగ్గు మోసే ఆ వ్యాగనే నేను 1:87లో, అంటే అసలు కొలతలో 87వ వంతుకు, కట్టాలనుకుంటున్నది. నిలువు కమ్ముల మధ్య రేకు బయటికి ఉబ్బి ఉంటుంది, పై అంచు అక్కడక్కడా వంకరపోయి ఉంటుంది. లోపలి పొడవు సుమారు 9.78 మీటర్లు, అంటే మోడల్లో 112 మి.మీ. లోపలి వెడల్పు 2.95 మీటర్లకు 34 మి.మీ., లోతు 1.95 మీటర్లకు 22.4 మి.మీ. నేలకు 1 మి.మీ. షీట్, గోడలకు 0.5, ఉబ్బిన రేకులకు 0.25 కావాలి. ఈ మూడు మందాలు ఉంటే చాలా మోడళ్లు అయిపోతాయి.

రాణిగంజ్‌కు ఆదివారం వెళ్లకండి, చాలా షట్టర్లు దించి ఉంటాయి. మామూలు రోజున పంపులు, బేరింగులు, హోస్ పైపుల మధ్య నుంచి దారి చేసుకుంటూ వెళ్లాలి. షీట్లు అమ్మే ఒక చోట కౌంటర్లో ఉన్న కుర్రాడు అడిగాడు: "ఏం జేస్తరన్నా దీన్తోని? బోర్డా?"

"గూడ్సు డబ్బా మోడల్ తమ్ముడూ."

"గట్లయితే ఇది మస్తుంటది. తేల్కగ కట్ అయితది."

మళ్లీ సన్‌బోర్డే. బొటనవేలి గోరుతో నొక్కితే గుంట అలాగే నిలిచిపోయింది. కోసిన అంచు చూస్తే సన్న రంధ్రాలు. అది నురుగు పీవీసీ. దిమ్మెకు, రైలు కట్టకు బాగుంటుంది కానీ రివెట్లు, సన్న కమ్ములు దాంతో రావు. రెండోది ఆక్రిలిక్, గీసి విరిస్తే గాజులా పెచ్చులు లేచింది. మూడోది చూడగానే హిప్స్ అనే అనిపించింది: తెల్లగా, గట్టిగా, ఒకవైపు మెరుపు. మోడల్ కట్టేవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే, ఎందుకంటే గట్టి పీవీసీ షీట్ కూడా అచ్చం అలాగే ఉంటుంది.

దీనికి నేను నమ్మే పరీక్ష ఉప్పునీళ్లు. అర లీటరు నీళ్లలో 50 గ్రాముల ఉప్పు పూర్తిగా కరిగిస్తే ఆ నీటి సాంద్రత 1.06 దాకా వస్తుంది. హిప్స్ సాంద్రత 1.04, 1.05 మధ్య ఉంటుంది కాబట్టి తేలుతుంది. ఆక్రిలిక్ 1.19, గట్టి పీవీసీ 1.35 పైనే, రెండూ మునుగుతాయి. ఉప్పు వేయకముందు మామూలు నీళ్లలో కూడా వేసి చూడాలి. అందులోనే తేలిపోతే అది పాలీప్రొపిలీనో, నురుగు షీటో. పాలీప్రొపిలీన్‌ను ఏ మోడల్ సిమెంటూ (ప్లాస్టిక్‌ను కరిగించి అతికించే జిగురు) అంటించదు. ముక్కకు పట్టిన గాలి బుడగలు వేలితో తుడవకపోతే మునగాల్సింది కూడా తేలుతుంది. ఏబీఎస్ అనే మరో గట్టి ప్లాస్టిక్ కూడా ఉప్పునీళ్లలో తేలుతుంది, కానీ దాంతో ఇబ్బంది లేదు. మంచి సిమెంటు దాన్నీ అంటిస్తుంది.

ఉప్పునీళ్ల బాటిల్ సంచీలోనే ఉంది. కుర్రాడు చిన్న ముక్కలు కోసి ఇచ్చాడు, ఒక్కొక్కటే వేశాం. నేను హిప్స్ అనుకున్నది నేరుగా అడుక్కి పోయింది. అప్పటినుంచి అతనికి హుషారొచ్చి లోపలి నుంచి పాత ముక్కలన్నీ తెచ్చి వేయడం మొదలుపెట్టాడు. ఓ పసుపు ముక్క తేలగానే "గిది తేలింది చూడన్నా!" అన్నాడు. దాన్ని బల్లమీద పడేస్తే రేకు పడ్డట్టు ఖంగుమంది. వంచితే మడత దగ్గర తెల్లబారింది. రెండూ హిప్స్ గుర్తులే. మంట పరీక్ష కూడా ఉంది: పాలీస్టైరీన్ దట్టమైన నల్లమసి వదులుతూ కాలుతుంది, పీవీసీ మంట తీసేయగానే ఆరిపోతుంది. కానీ పీవీసీ పొగలో ఆమ్లం ఉంటుంది, దుకాణాల మధ్య ఆ పని చేయకూడదు. నీళ్ల బాటిల్‌తో పని జరుగుతుండగా నిప్పెందుకు?

ఆ పసుపు షీట్ ఎక్కడిదని అడిగితే చిరునామా దొరికింది: "జీడిమెట్ల దిక్కు వాక్యూమ్ మిషన్లుంటయి, ట్రేలు చేస్తరు. ఆడ అడుగుర్రి."

రాణిగంజ్ నుంచి షాపూర్‌నగర్ ప్రయాణం గురించి చెప్పేందుకు ఏమీ లేదు, బాలానగర్ దగ్గర ట్రాఫిక్ తప్ప. బస్సు దిగాక లోపలికి ఆటోవాళ్లు అడిగే రేటు మాత్రం కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు కొన్న ప్యాసింజర్ టికెట్‌ను మించింది. నడిచే వెళ్లాను.

ట్రేలు చేసే యూనిట్లో షీట్‌ను ఫ్రేములో బిగించి, వేడి చేసి, మెత్తబడగానే కింది గాలి పీల్చేసి అచ్చు మీదికి లాగుతారు. గేటు దగ్గర గుట్టగా పోసి ఉండేది ట్రే కోసుకున్నాక మిగిలిన చట్రం. దాన్ని చవగ్గా ఇస్తామంటారు, తీసుకోకండి. ఒకసారి వేడెక్కిన షీట్ ఒకచోట మందంగా, ఒకచోట పలచగా ఉంటుంది, చదునూ ఉండదు. అడగాల్సింది మిషన్ ఎక్కని షీట్: చుట్ట చివర మిగిలినది, కొలత తప్పి పక్కన పెట్టినది. సూపర్‌వైజర్ ముందు "గంత తక్కువ ఇయ్యం సార్" అన్నాడు. మోడల్ ఫోటోలు చూపించాక ఆయనే వెతికి తీశాడు.

అక్కడ మందం మైక్రాన్లలో చెబుతారు, 500 మైక్రాన్లంటే 0.5 మి.మీ. మందం కొలిచే వెర్నియర్ కాలిపర్ మీ దగ్గర ఉండాలి. 1 మి.మీ. అన్నది 0.9 ఉండటం మామూలే, ఒకే షీట్‌లో రెండు చివరలూ కొలవండి. అమ్మేది కిలోల్లెక్కన. చదరపు మీటరు 1 మి.మీ. షీట్ కిలోకు కాస్త ఎక్కువ తూగుతుంది, 8×4 అడుగుల పూర్తి షీట్ సుమారు 3.1 కిలోలు. మోడల్ షీట్లు అమ్మే విదేశీ బ్రాండ్ ఎవర్‌గ్రీన్ ప్యాకెట్‌లో 1 మి.మీ.వి 6×12 అంగుళాల ముక్కలు రెండే వస్తాయి. ఒక 8×4 షీట్‌లో అలాంటివి 64, అంటే 32 ప్యాకెట్ల సరుకు. విదేశీ ప్యాకెట్ ధరకు రవాణా, కస్టమ్స్ కలిపి చూసినవాళ్లకు ఆ లెక్క వెంటనే అర్థమవుతుంది. అలాగని ఎవర్‌గ్రీన్ దండగ అనను. సమానంగా కోసిన సన్న కమ్మీలు, గాడి షీట్లు ఇంట్లో అంత నిక్కచ్చిగా రావు, డబ్బు వాటికే పెట్టండి. సాదా షీట్‌కు అనవసరం.

రైల్లో తేవాలంటే అక్కడే 2×1 అడుగుల ముక్కలుగా కోయించి, రెండు ప్లైవుడ్ పలకల మధ్య కట్టేయాలి. 1 మి.మీ. షీట్‌ను చుట్ట చుడితే ఆ వంపు పోదు. చుట్ట నుంచి వచ్చిన సన్న షీట్‌కు ముందే వంపు ఉంటుంది. 70 డిగ్రీలు దాటని వేడినీళ్లలో కొన్ని నిమిషాలు ఉంచి, రెండు గాజు పలకల మధ్య బరువు కింద చల్లారనివ్వాలి. మరిగే నీళ్లు వాడితే మెలితిరిగి, తయారీలో లాగిన దిక్కున కుంచించుకుపోతుంది. ఆ దిక్కేదో ముందే తెలుసుకుని బాణం గుర్తు వేసి, వ్యాగన్ రెండు గోడలనూ ఒకే దిక్కున కోయడం మేలు.

కోత సంగతి. షీట్‌ను ఆరపార కోయనక్కర్లేదు. స్టీలు స్కేలు, కొత్త బ్లేడు, తేలికగా మూడు నాలుగు గీతలు, తర్వాత గీత బయటివైపుకు వచ్చేలా వంచితే చిటుక్కున విరుగుతుంది. మొదటి గీతే బలంగా నొక్కితే స్కేలు జారుతుంది, అంచు ఏటవాలవుతుంది. గీతకు రెండు పక్కలా లేచిన గట్టును బ్లేడు నిలువుగా పట్టి గీకేయాలి, లేకపోతే అతుకు దగ్గర సందు వస్తుంది. 2 మి.మీ. షీట్‌కు కొక్కెం మొన ఉన్న ఆక్రిలిక్ కట్టరే వాడండి.

0.5 మి.మీ. గోడ అంటే అసలు కొలతలో 43.5 మి.మీ. మందం. వ్యాగన్ రేకు అంత మందం ఉండదు కాబట్టి పై అంచును లోపలివైపు నుంచి ఏటవాలుగా గీకి పలచన చేయాలి. ఉబ్బిన రేకులకు 0.25 షీట్‌ను మెత్తటి రబ్బరు మీద పెట్టి చెంచా వెనుక భాగంతో రుద్దితే చాలు.

అంటించేటప్పుడు ముక్కలు రెండూ ఆనించి పట్టుకుని కుంచె మొన సందుకు తాకిస్తే సిమెంటు దానంతటదే లోపలికి పాకుతుంది. టామియా బ్రాండ్ పలచటి సిమెంటు దొరక్కపోతే పెయింట్ దుకాణంలో దొరికే ఎన్‌సీ థిన్నర్ (లక్కర్ రంగును పలచన చేసే ద్రావకం) పనిచేస్తుంది, కిటికీ తెరిచిపెట్టి, ముందు చిత్తు ముక్క మీద చూసుకోండి. ఆక్రిలిక్ పనివాళ్లు క్లోరోఫామ్ ఇస్తామంటారు, వద్దు. అది విషం, పైగా సన్న షీట్‌ను క్షణాల్లో కరిగిస్తుంది. పెద్ద పలక మీద పలక అంటిస్తే ద్రావకం మధ్యలో చిక్కుకుని వారాల తర్వాత గోడ వంగుతుంది. లోపలి పలకకు ముందే 2 మి.మీ. రంధ్రాలు వేసి ఆవిరికి దారి ఇవ్వాలి. అన్ని వైపులా మూసిన పెట్టె కడితే అడుగున కూడా ఒక రంధ్రం ఉండాలి.

కోతలో రాలిన ముక్కలు పారేయకుండా గాజు సీసాలో వేసి థిన్నర్ పోస్తే ఒక రాత్రిలో చిక్కటి ముద్ద అవుతుంది, సందులు పూడ్చడానికి అంతకన్నా మంచిది లేదు. పూశాక కనీసం 24 గంటలు ఆగి 400 నంబరు గరుకు కాగితంతో రుద్దండి. ముందే రుద్దితే లోపల ఇంకా మెత్తగా ఉండి, రంగు వేశాక అక్కడ గుంట పడుతుంది.