ఓడ తారీఖు చుట్టూ అల్లిన ప్రయాణం

లండన్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో దాకా విమానం ఎక్కకుండా వెళ్లాలంటే ముందు ఖాయం కావలసింది ఓడ. రైళ్లు రోజూ ఉంటాయి. అట్లాంటిక్‌ను ఒక క్రమం ప్రకారం దాటించే ప్రయాణికుల ఓడ మాత్రం ఈ రోజుల్లో ఒక్కటే ఉంది, క్వీన్ మేరీ 2. ఏడాది మొదట్లో అది ప్రపంచయాత్రకు వెళ్లిపోతుంది. సౌతాంప్టన్, న్యూయార్క్‌ల మధ్య తిరిగేది ఎక్కువగా వసంతం చివరి నుంచి డిసెంబరు దాకానే. అందుకే క్యాలెండరులో ఓడ తారీఖును మేకులా దిగ్గొట్టి, మిగతావన్నీ దానికే కట్టాను.

నిజానికి మొదట నా మనసు సరుకుల ఓడ మీదే ఉండేది. పన్నెండుమందికి మించి ఎక్కించుకుంటే అంతర్జాతీయ నిబంధనల ప్రకారం అది ప్రయాణికుల ఓడ కిందికి వస్తుంది. కాబట్టి వాటిలో దొరికేవే కాసిని గదులు. 2020లో కోవిడ్ వచ్చాక చాలా కంపెనీలు వాటినీ మూసేశాయి. పైగా సరుకును బట్టి బయల్దేరే రోజు ముందుకూ వెనక్కూ జరుగుతుంది. రైలు టికెట్లు కొని పెట్టుకున్నవాళ్లకు అది కుదరని బేరం.

పర్యావరణం కోసమా అని చాలామంది అడిగారు. రైళ్ల వరకు ఆ మాట చెల్లుతుంది, ఓడకు చెల్లదు. ఈతకొలనులు, నాటకశాల, వేలమందికి వంటశాలలు మోసుకుంటూ పోయే 345 మీటర్ల ఓడ, తలకింత అని లెక్కేస్తే విమానం కన్నా తక్కువ ఇంధనమేమీ కాల్చదు. నాకు కావలసింది వేరు. ఒక మహాసముద్రం ఎంత వెడల్పుంటుందో నా ఒంటికి తెలియాలి.

టికెట్ల కన్నా ముందు చూసుకోవలసింది వీసా. ఓడలో వెళ్లినా అమెరికా నిబంధనలు అమెరికావే. వీసా కాగితం సరిగ్గా లేకపోతే సౌతాంప్టన్ రేవులోనే ఆపేస్తారు. ఇంటర్వ్యూకు నెలల తరబడి ఆగాల్సి రావచ్చు కాబట్టి అది చేతికొచ్చాకే ఓడకు డబ్బు కట్టాను. ఇక పెట్టె. ఓడ గదిలో ఎంత సామానైనా పడుతుంది, సాయంత్రాలకు సూటు, చీర లాంటివి తీసుకెళ్లమని కూడా చెబుతారు. కానీ ఆ పెట్టెనే తర్వాత రైలు గదిలోకి ఎక్కించాలి. రెండు సీట్లు కలిపితే పడకయ్యే ఆ గదిలో పెట్టె నిలబెట్టడానికే చోటుండదు. రైలుకు సరిపోయే పెట్టే పెట్టె.

జూన్‌లో బయల్దేరాను. ఏడు రాత్రుల ప్రయాణం. పడమరకు వెళ్లేటప్పుడు వాటిలో ఐదు రాత్రులు గడియారాన్ని గంట చొప్పున వెనక్కి తిప్పుతారు. రోజుకు ఇరవై ఐదు గంటలన్నమాట. న్యూయార్క్ చేరేసరికి ఐదు గంటల తేడా ఎక్కడ కరిగిపోయిందో తెలియదు. తూర్పుకు వచ్చేవాళ్లకు మాత్రం రోజులు గంట చొప్పున తరిగిపోతాయి. మొదటిసారి వెళ్లేవాళ్లు ఓడను పడమర దిక్కుకే పెట్టుకోవాలని గట్టిగా చెబుతాను.

న్యూఫౌండ్‌లాండ్‌కు దక్షిణంగా వెళ్తున్నప్పుడు పొగమంచు కమ్మింది. డెక్కు మీద నిలబడితే కింద నీళ్లు కూడా కనిపించవు. కనుచూపు ఆననప్పుడు ఓడ రెండు నిమిషాలకు మించకుండా ఒక్కో దీర్ఘమైన కూత వేస్తూ పోవాలని సముద్రపు నియమం. ఈ ఓడ పొగగొట్టం మీదున్న రెండు కూతల్లో ఒకటి 1930ల నాటి పాత క్వీన్ మేరీది. ఆ కూత చెవికంటే ముందు రొమ్ముకు తగులుతుంది. పన్నెండో డెక్కు మీద కుక్కల గదులున్నాయి. వాటి అవసరానికని ఇంగ్లండు నుంచి ఒక వీధిదీపం స్తంభం, న్యూయార్క్ నుంచి ఒక మంటలార్పే నీళ్ల కుళాయి స్తంభం తెచ్చి నిలబెట్టారు. విమానం సరుకుల అరలో కుక్కను పెట్టడం ఇష్టంలేక ఓడ ఎక్కినవాళ్లు అక్కడ కలిశారు. అందరికన్నా ముందుగా టికెట్టు కొనేది వాళ్లేనట.

తెల్లవారకముందే న్యూయార్క్ రేవు ముఖద్వారం మీదున్న వెరజానో వంతెన కిందుగా వెళ్లాం. ఓడ ఎత్తును కట్టేటప్పుడే ఈ వంతెన కింద పట్టేలా నిర్ణయించారు. అయినా పైన నిలబడి చూస్తుంటే పొగగొట్టం తగిలేస్తుందనే అనిపిస్తుంది. దిగింది బ్రూక్లిన్ రేవులో.

పొగమంచు, గాలి, ఇమిగ్రేషన్ వరస, ఏ ఒక్కటి ఆలస్యమైనా అదే రోజు రైలు దక్కదు. అందుకే న్యూయార్క్‌లో ఒక రాత్రి ఖాళీగా ఉంచాను. ఇలాంటి పథకంలో డబ్బు పెట్టాల్సింది ఈ ఖాళీల మీదే. రైలు మారే షికాగో దగ్గర మాత్రం ఖాళీ అక్కర్లేదు. రెండు రైళ్లనూ ఒకే బుకింగులో తీసుకుంటే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పినా మనల్ని ముందుకు పంపే బాధ్యత ఆ రైళ్లు నడిపే సంస్థ ఆమ్‌ట్రాక్‌దే. విడివిడిగా కొంటే అది మన నెత్తిన పడుతుంది.

న్యూయార్క్ నుంచి షికాగో వెళ్లే రైలు లేక్ షోర్ లిమిటెడ్‌లో ఎడమ పక్క కూర్చుంటే హడ్సన్ నది గంటల తరబడి కిటికీలోనే ఉంటుంది. షికాగో నుంచి కాలిఫోర్నియా జెఫర్ అనే రైలు. దాదాపు 3,900 కిలోమీటర్లు, రెండు రాత్రులు. మొదటి సాయంత్రం బర్లింగ్టన్ దగ్గర మిసిసిపీ దాటాం. డెన్వర్ దాటాక రైలు కొండ ఎక్కుతూ ఒక పెద్ద వంపు తిరుగుతుంది. ఆ వంపు పక్కన తుప్పుపట్టిన పాత సరుకు రైలు పెట్టెలు వరసగా నిలబడి ఉన్నాయి. అవి ఎక్కడికీ పోవు. కొండగాలికి రైళ్లు పడిపోకుండా మట్టి నింపి అడ్డుగోడలా పాతిపెట్టినవి. తర్వాత 1928లో తెరిచిన మోఫట్ సొరంగం, పది కిలోమీటర్ల చీకటి. ఇంజను పొగ లోపలికి రాకుండా ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి నడవొద్దని ముందే మైకులో చెప్పారు. సొరంగానికి ఇటు పడ్డ వాన చివరికి నేను దాటొచ్చిన మిసిసిపీలోకి చేరుతుంది. అటు పడ్డది కొలరాడో నది దారిన పసిఫిక్ వైపు. నీళ్లను అలా విడదీసే గీతను మనం దాటేది నేల కడుపులో.

మర్నాడు సియెరా నెవాడా. 1860లలో చైనా నుంచి వచ్చిన కూలీలు కొండను తొలిచి వేసిన దారినే చాలా వరకు అనుసరిస్తూ రైలు దిగుతుంది. శాన్‌ఫ్రాన్సిస్కోకు ఎదురు ఒడ్డునున్న ఎమరీవిల్లో రైలు ప్రయాణం ముగుస్తుంది, అక్కడి నుంచి వంతెన మీదుగా బస్సులో శాన్‌ఫ్రాన్సిస్కో.

ఇక మిగిలింది పసిఫిక్. దాన్ని దాటించే నిత్యపు ఓడ లేదు. అలాస్కా సీజన్ ముగిశాక కొన్ని విహార ఓడలు ఆసియాకు మారేటప్పుడు ఒకవైపు ప్రయాణంగా టికెట్లు అమ్ముతాయి. వ్యాంకూవర్ నుంచి జపాన్‌కు శరదృతువులో అలాంటివి దొరుకుతుంటాయి. కోస్ట్ స్టార్‌లైట్‌లో సియాటిల్, అక్కడి నుంచి ఇంకో రైల్లో వ్యాంకూవర్ అని కాగితం మీద గీసి పెట్టాను. ముందు కెనడా, జపాన్ వీసాలకు దరఖాస్తు పెట్టాలి.