బండ ఒక్కటే దిక్కైతే ఎలా?

ఇంధన భద్రత అనగానే అందరూ ముడి చమురు గురించే మాట్లాడతారు. నా లెక్కలో మనకు అంతకన్నా బలహీనమైన చోటు వంటిల్లు. చమురు రష్యాలో కాకపోతే ఇరాక్‌లో, సౌదీలో, అమెరికాలో కొనుక్కోవచ్చు. విశాఖ, మంగళూరు, పాదూరు రాతి గుహల్లో 53.3 లక్షల టన్నులు దాచుకునే చోటుంది. వంటగ్యాస్‌కు ఆ వెసులుబాటు లేదు. ఏడాదికి 3 కోట్ల టన్నులకు పైగా వాడుతున్నాం. అందులో 60 శాతం దాకా బయటి నుంచి వచ్చేదే, చాలా భాగం గల్ఫ్ దేశాల ఓడలు బయటికొచ్చే ఇరుకు దారి, హర్మూజ్ జలసంధి దాటి రావాల్సిందే.

పోనీ దాచుకుందామా అంటే గ్యాస్ మామూలు ట్యాంకులో నిలవదు. 30 డిగ్రీల వేడిలో వంటగ్యాస్‌లోని ప్రొపేన్ ద్రవంగా ఉండాలంటే దాదాపు 100 మీటర్ల నీటి స్తంభమంత ఒత్తిడి కావాలి. విశాఖ గ్యాస్ గుహను అంతకన్నా లోతున తొలిచింది అందుకే. చుట్టూ రాతి పగుళ్లలో ఉన్న నీరే దానికి మూత. పైనుంచి బోర్లలో నీళ్లు ఎక్కిస్తూనే ఉండాలి; ఆ నీటి తెర తగ్గితే పగుళ్ల వెంట గ్యాస్ పైకి పాకుతుంది. ఇంతా చేసి అందులో పట్టేది 60,000 టన్నులు. దేశం ఒక్క రోజుకు వాడేది సుమారు 85,000 టన్నులు!

అందుకే ప్రతి ఇంట్లో బండ పొయ్యికి తోడు రెండో పొయ్యి, కరెంటుదో గోబర్ గ్యాస్‌దో, ఉండాలి. 14.2 కిలోల బండలో కరెంటు లెక్కలో దాదాపు 180 యూనిట్ల వేడి ఉంటుంది. బర్నర్ మీద గిన్నెకు చేరేది అందులో మూడింట రెండు వంతులే. అదే వంట ఇండక్షన్ మీద 140 యూనిట్లలోపే అయిపోతుంది. మీ స్లాబు రేటుతో గుణించి చూడండి. మన కరెంటులో ఎక్కువ భాగం ఇక్కడి బొగ్గు, ఎండ, గాలి, నీళ్ల నుంచి వచ్చేదే కాబట్టి ఓడ ఆగినా పొయ్యి ఆగదు.

2,000 వాట్ల ఇండక్షన్ పొయ్యి 9 ఆంపులు లాగుతుంది. 6 ఆంపుల సాకెట్లో మల్టీప్లగ్ పెట్టి నడిపితే ముందు ప్లగ్గు పిన్నులు వేడెక్కుతాయి, తర్వాత ప్లాస్టిక్ కరుగుతుంది. 16 ఆంపుల సాకెట్, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, ఎర్తింగ్ తప్పనిసరి. గిన్నె అడుగున అయస్కాంతం అంటుకోకపోతే అది వేడెక్కదు. మామూలు అల్యూమినియం, రాగి పాత్రలు పనికిరావు.

నాలుగైదు పశువులున్న ఇంటికి 2 ఘనమీటర్ల గోబర్ గ్యాస్ ప్లాంటు మేలు. రోజుకు 50 కిలోల పేడ, అంతే నీళ్లు. పూర్తిగా పనిచేస్తే పదహారు పదిహేడు రోజులకొక బండతో సమానం. మంట ఎగిరెగిరి పడుతుంటే పైపులో నీరు చేరినట్టే. పల్లంలో నీరు పట్టే ట్రాప్ పెట్టి వారానికోసారి ఆ నీటిని వదలాలి.

కరెంటు పొయ్యికీ ఒక హద్దుంది. పల్లెల్లో చిన్న ట్రాన్స్‌ఫార్మర్ 25 కేవీఏ, అంటే మోయగలిగేది సుమారు 25 వేల వాట్లు. ఉదయం ఏడింటికి పన్నెండు ఇళ్లు ఒకేసారి పూర్తి మంటలో పెడితే దాని సామర్థ్యం అయిపోయినట్టే. పప్పు, పాలు, వేడినీళ్ల లాంటివి సోలార్ కరెంటు దండిగా ఉండే మధ్యాహ్నానికి జరిపి, ఉదయం టిఫిన్ వరకు గ్యాస్ వాడుకుంటే ఆ బండే ఇంకా ఎక్కువ రోజులు వస్తుంది.