ఇస్త్రీపెట్టెతో పీసీబీ

555 టైమర్ అనే చిప్‌తో ఎల్‌ఈడీని వెలిగించి ఆర్పే చిన్న సర్క్యూట్ అది. సోల్డర్ చేయకుండా వైర్లు గుచ్చి కలిపే బ్రెడ్‌బోర్డు మీద బాగానే పనిచేసింది, కానీ చెయ్యి తగిలితే చాలు ఏదో ఒక వైరు ఊడొచ్చేది. విసుగొచ్చి, లేజర్ ప్రింటర్ ఉందిగా, పీసీబీ (వైర్ల బదులు రాగి గీతలుండే సర్క్యూట్ బోర్డు) ఇంట్లోనే చేసేద్దాం అనుకున్నాను.

లేజర్ ప్రింటర్ టోనర్ సిరా కాదు, ప్లాస్టిక్ పొడి. వేడికి కరుగుతుంది, చల్లారితే గట్టిగా పట్టుకుంటుంది. ట్రాకులను, అంటే కరెంటు వెళ్లాల్సిన గీతలను, నున్నటి కాగితం మీద ప్రింట్ తీసి, రాగి పూత ఉన్న పలక మీద బోర్లించి ఇస్త్రీపెట్టెతో వేడి చేస్తే టోనర్ రాగికి అంటుకుంటుంది. ఆ తర్వాత రాగిని తినేసే ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణంలో వేస్తే టోనర్ లేని చోట రాగి కరిగిపోతుంది. ఇంక్‌జెట్ ప్రింట్‌తో ఈ పని జరగదు, ఆ సిరా కరిగి అంటుకునే రకం కాదు.

చదివితే ఇంతే. చెయ్యబోతే రెండు పలకలు చెత్తబుట్ట పాలయ్యాయి.

మొదటిసారి టోనర్ సగం కాగితానికే ఉండిపోయింది. ఇస్త్రీపెట్టె వేడి చాలలేదేమో అనుకున్నాను. అసలు సంగతి వేరు: పలకను గుడ్డతో తుడిచి ఊరుకున్నాను. రాగి మెరుస్తూ కనబడినా దానిమీద వేలిముద్రల జిడ్డు ఉంటుంది. రెండోసారి గిన్నెలు తోమే స్టీల్ పీచుతో బాగా రుద్ది, అసిటోన్‌తో తుడిచి, అంచులు మాత్రమే పట్టుకున్నాను. టోనర్ బ్రహ్మాండంగా అంటుకుంది. కానీ చొక్కా ఇస్త్రీ చేసినట్టు అటూ ఇటూ లాగాను. కాగితం జరిగి, పక్కపక్క ట్రాకులు కలిసి ఒకటే ముద్దయ్యాయి. ఇస్త్రీపెట్టెతో చెయ్యాల్సింది ఇస్త్రీ కాదన్నమాట! ఆవిరి ఆపేసి, కాటన్ వేడిలో పెట్టి, ముందు కదలకుండా నొక్కి ఉంచాలి. కాగితం అంటుకున్నాక అంచులు ఒక్కొక్కటిగా అదమాలి.

మూడోసారి ట్రాకుల వెడల్పు కూడా ఒక మిల్లీమీటరుకు పెంచాను. ప్రింటర్‌లో టోనర్ పొదుపు ఆపేశాను. నాలుగైదు నిమిషాలు నొక్కి, పలక చల్లారాక నీళ్లలో వేశాను. ఇక్కడ తొందర పనికిరాదు. కాగితాన్ని పీకితే టోనర్ కూడా లేచొస్తుంది. పావుగంట నానాక బొటనవేలితో రుద్దుతుంటే పొరలు పొరలుగా ఊడింది. రెండు చోట్ల తెగిన గీతలను పర్మనెంట్ మార్కర్‌తో కలిపాను.

ఫెర్రిక్ క్లోరైడ్ అంటే కాస్త టెన్షన్ పడ్డాను. పొడిని నీళ్లలో కలుపుతుంటే బాగా వేడెక్కుతుంది, అందుకే నీళ్లలోకే కొద్దికొద్దిగా వేయాలి. కిటికీ తెరిచి, గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకుని ప్లాస్టిక్ ట్రేలో కలిపాను. లోహపు పాత్ర వాడితే దాన్నే తినేస్తుంది. ట్రేను వేడినీళ్ల బేసిన్‌లో ఉంచి ఊపుతూ కూర్చున్నాను. పది నిమిషాలైనా మార్పు లేదనిపించింది. ఆ తర్వాత అంచుల దగ్గర రాగి పోయి లోపలి పలక బయటపడటం మొదలైంది. ఇరవై నిమిషాలకు ట్రాకులు మాత్రమే మిగిలాయి. చొక్కా మీద పడ్డ ఒక్క చుక్క గోధుమరంగు మచ్చ ఈనాటికీ పోలేదు. వాడిన ద్రావణంలో రాగి ఉంటుంది కాబట్టి సింకులో పారబోయకుండా ప్లాస్టిక్ సీసాలో పోసి, పేరు రాసి దాచాను. ఇంకో రెండు బోర్డులకు పనికొస్తుంది, ఆ తర్వాత దాన్ని ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వాలి.

అసిటోన్‌తో టోనర్ తుడిచి, మాస్కు పెట్టుకుని 0.8 మిల్లీమీటర్ల బిట్‌తో రంధ్రాలు వేశాను. ఒక బిట్ విరిగింది. మల్టీమీటర్‌తో చూస్తే ఎక్కడా షార్ట్ లేదు. ఆనందంగా ఐసీ, అంటే ఆ 555 చిప్, పెట్టబోయాను.

ఒకటో పిన్ ఉండాల్సిన చోట ఎనిమిదోది ఉంది.

ప్రింట్ తీసేటప్పుడు కాగితం మీద నేను రాసుకున్న అక్షరాలు తిరగబడి కనిపిస్తే, తప్పేమో అని బొమ్మను అద్దంలోలా తిప్పే మిర్రర్ ఆప్షన్ నొక్కాను. భాగాలు పైన, రాగి కింది వైపు ఉండే బోర్డుకు అవి కాగితం మీద తిరగబడే ఉండాలి, బోర్లించాక రాగి మీద సరిగ్గా కనబడతాయి. అన్నీ తెలిసినట్టు నేనే చెడగొట్టాను.

నాలుగో పలక తియ్యడానికి మనసు రాలేదు. కాసేపు బోర్డును అటూ ఇటూ తిప్పి చూస్తే తట్టింది: ఐసీని పైనుంచి కాకుండా రాగి వైపునే పెడితే పిన్నులు సరిపోతాయి. కాళ్లను కాస్త పైకే ఉంచి, సన్నటి మొనతో సోల్డర్ చేశాను. రెసిస్టర్లు, కెపాసిటర్లు ఒకవైపు, ఐసీ ఇంకోవైపు. చూసినవాళ్లు ఇదేదో కొత్త డిజైన్ అనుకుంటారు, నేనూ సరిదిద్దను. ఎల్‌ఈడీ మాత్రం చక్కగా వెలిగి ఆరుతోంది.