లా ప్రొఫెసర్లను తెలుగులో మాట్లాడించడం: నా అనుభవం

మథుర కేసు మీద చేసిన ఎపిసోడ్ నిన్న రాత్రి బయటికొచ్చింది. సంతోషంగా ఉంది. కోపం మాత్రం ఇంకా చల్లారలేదు, ఆ వేడి మీదే రాస్తున్నాను.

లా ప్రొఫెసర్లు రాసే వ్యాసాలు మామూలు జనానికి వాళ్ల నోటితోనే తెలుగులో చెప్పించాలని ఈ ఆడియో సిరీస్ మొదలుపెట్టాను. మైకు, ఎడిటింగ్ పెద్ద పనులు కావు. తీర్పుల కోసం ఎవరికీ డబ్బు కట్టొద్దు, సుప్రీంకోర్టు వాళ్ల తీర్పుల వెబ్‌సైట్ ఈ-ఎస్సీఆర్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. ప్రొఫెసర్లు మెయిల్‌కి జవాబు కూడా బాగానే ఇస్తారు. అసలు కష్టమంతా ఆ తర్వాతే.

ఈ కేసును ఎందుకు తీసుకున్నానో ముందు చెప్పాలి. 1972లో మహారాష్ట్రలోని దేశాయిగంజ్ పోలీస్ స్టేషన్లో మథుర అనే ఆదివాసీ అమ్మాయి మీద అత్యాచారం జరిగింది. నిందితులు ఇద్దరూ పోలీసులే. సెషన్స్ కోర్టు వదిలేసింది, హైకోర్టు శిక్ష వేసింది, 1978లో సుప్రీంకోర్టు ఆ శిక్ష కొట్టేసింది. ఒంటి మీద గాయాలు లేవు కాబట్టి ఆమె ఎదిరించలేదన్నది, ఒప్పుకున్నట్టేనన్నది ఆ తీర్పు సారం. 1979 సెప్టెంబరులో ఉపేంద్ర బక్షీ, లోతికా సర్కార్, రఘునాథ్ కేల్కర్, వసుధా ధగంవార్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. లొంగిపోవడం వేరు, ఒప్పుకోవడం వేరు అని అందులో తేల్చి చెప్పారు. మహిళా సంఘాలు వీధుల్లోకొచ్చాయి. 1983లో చట్టమే మారింది. పోలీసు కస్టడీలో జరిగిన అత్యాచారం కేసులో, సంబంధం జరిగినట్టు రుజువయ్యాక, బాధితురాలు తనకు ఇష్టం లేదని కోర్టులో చెబితే, ఇష్టం లేదనే కోర్టు భావించాలి. పాండిత్యం జనంలోకొస్తే ఏం జరుగుతుందో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

మొదట ఒక పెద్ద విశ్వవిద్యాలయంలోని సీనియర్ ప్రొఫెసర్ దగ్గరికి వెళ్లాను. పేరు రాయను. గదిలో ఆయన పరిశోధక విద్యార్థులు కూర్చుని ఉన్నారు. "మీరు ఎల్ఎల్‌బీ చేశారా అమ్మా?" అన్నారు. లేదు సార్, విలేకరిగా పనిచేశాను అన్నాను. "మరి నా వ్యాసం మీకు అర్థమైందని ఎలా అనుకున్నారు?" అని పిల్లల వైపు చూసి నవ్వారు. వాళ్లూ నవ్వారు. ఆ వ్యాసం నేను గీతలు గీసుకుంటూ చదివాను, నా చేతిలోనే ఉంది. అందులో మూడో భాగంలో ఆయనే లేవనెత్తిన వాదన గురించి అడిగాను. నవ్వు ఆగింది, జవాబు మాత్రం రాలేదు.

అయినా రికార్డింగ్ బాగా జరిగింది. మాటల్లో పడి మంచి తెలుగే మాట్లాడారాయన. "ఆ పిల్ల అరవలేదు కాబట్టి సరేనన్నట్టే అనుకున్నారు, స్టేషన్లో ఎవరికి వినపడాలని అరుస్తుంది?" అన్నారు. నా ఒళ్లు జలదరించింది. తర్వాత మాటలన్నీ కాగితం మీద రాసి పంపమన్నారు, పంపాను. ఆ వాక్యం కొట్టేసి "సమ్మతి రాహిత్యము నిరూపితము కాలేదని న్యాయస్థానము అభిప్రాయపడినది" అని రాసి తిప్పి పంపారు. ప్రతి పేజీలో అదే తంతు. మళ్లీ చదివి రికార్డు చేయాలట! ఫోన్ చేస్తే, "చూడమ్మా, నా తోటివాళ్లు వింటే పరువేముంటుంది?" అన్నారు. వినేవాళ్ల గురించి ఒక్క మాటా అడగలేదు. స్టేషన్ గడప తొక్కాల్సి వచ్చే ఆడవాళ్లకన్నా పక్క గదిలోని ప్రొఫెసర్ అభిప్రాయం ఆయనకు ముఖ్యమైంది. ప్రజల పన్నులతో జీతం తీసుకునే పండితుడు ప్రజలకు అర్థమయ్యేలా మాట్లాడటం నామోషీ అనుకుంటే, ఆ పాండిత్యం పెట్టెలో దాచిన పట్టుచీర లాంటిదే. ఆ రికార్డింగ్ పక్కన పెట్టేశాను.

చివరికి ఒక చిన్న కాలేజీలో సాక్ష్యాల చట్టం చెప్పే మేడం ఒప్పుకున్నారు. ఒక్క పూటలో అయిపోయింది. మథురతో ఆపకుండా, 1978 మార్చిలో హైదరాబాద్ నల్లకుంట స్టేషన్లో రమీజాబీ మీద జరిగిన అత్యాచారం గురించి కూడా చెప్పారు. ఆమె భర్తను కొట్టి చంపారు, ఊరు అట్టుడికింది, కేసు రాయచూరుకు మారింది, పోలీసులు నిర్దోషులుగా బయటపడ్డారు. రెండు కేసులూ పక్కపక్కన పెట్టి ఆవిడ చెబుతుంటే, ఆ లేఖ ఎందుకంత అవసరమైందో ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేకపోయింది.

మీరూ ఇలాంటి పని చేస్తుంటే, ప్రశ్నలు ముందుగా పంపకండి. పంపితే జవాబులు రాసుకొచ్చి చదువుతారు. డిపార్ట్‌మెంట్ గదిలో, శిష్యుల ముందు అసలే వద్దు. తప్పులుంటే దిద్దుతాను, భాష మార్చను అని రికార్డింగ్‌కి ముందే కాగితం మీద సంతకం తీసుకోండి. "మీ వాదన ఏమిటి" అని మొదలుపెట్టకండి. "ఆ రోజు ఏం జరిగింది" అని అడగండి, వాదన దానంతటదే వస్తుంది. పెద్ద పేర్ల వెంట పడొద్దు. రోజూ క్లాసులో వెనక బెంచీ వాళ్లకు చెప్పేవాళ్లే బాగా చెబుతారు, ఇది నేను గట్టిగా అంటాను.

ఈ ఉదయం మా వీధి టైలరింగ్ షాపులో ఎపిసోడ్ పెట్టుకుని విన్నారు. కుట్టు మిషన్లు ఆపి విన్నారని షాపు ఆవిడ ఫోన్ చేసింది. "ఇష్టం లేదంటే నమ్మాలన్న ఆ నియమం ఇప్పుడూ ఉందా అక్కా?" అని అడిగింది. ఉంది, కొత్త సాక్ష్య చట్టంలోకీ వచ్చింది అని చెప్పాను.